జారిపోయిన ఒక్క మాట

(రాజ్యాంగ దినం సందర్భంగా నవంబరు 26న జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇస్లాం, ప్రజాస్వామ్యం అనే రెండు పునాదుల మీద ఒక దేశ రాజ్యాంగం నిలబడగలదా? నిలబడితే దాని మూలసూత్రాలు ఏమిటి? నిర్వాహకులు ఈ అంశాన్ని మాకు అప్పగించినప్పుడు మేము కొంత సంకోచించాము. మేము ధర్మశాస్త్ర పండితులం కాము, న్యాయవాదులమూ కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, చిత్తుప్రతుల మధ్య, దస్త్రాల మధ్య జీవితం గడిపి పదవీ విరమణ చేసినవాళ్ళం. అందువల్ల రాజ్యాంగాన్ని కూడా మేము గుమాస్తా కళ్ళతోనే చదువుతాము. ఏ మాట ఎక్కడ ఉంది, ఎవరు రాశారు, ఎవరు సరిచూశారు అన్నదే మా చూపు. ఈ అంశానికి ఆ చూపు కొంత ఉపయోగపడుతుందని నమ్మి మీ ముందు నిలబడ్డాము.

బాట లేని ఖబరస్తాన్

ముందుగా మా వల్ల జరిగిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవాలి. సుమారు ముప్పై అయిదేళ్ళ కిందటి మాట. ఒక గ్రామంలో ముస్లిముల ఖబరస్తాన్ కోసం ప్రభుత్వ భూమిని కేటాయిస్తూ ఉత్తర్వు జారీ కావలసి ఉంది. పై అధికారి ఆమోదించిన చిత్తుప్రతిలో ఖబరస్తాన్ స్థలంతో పాటు రోడ్డు నుంచి అక్కడికి పోయే బాట కూడా స్పష్టంగా ఉంది. టైపు చేసిన ప్రతిలో ఆ బాటకు సంబంధించిన మాటలు జారిపోయాయి. ఒకరు చదువుతూ ఉంటే మరొకరు చిత్తుప్రతితో సరిచూడాలన్నది నియమం. ఆ రోజు సరిచూడవలసిన బాధ్యత మాదే. పొద్దుపోయింది, తపాలు వెళ్ళిపోతుందన్న తొందరలో సరిచూడకుండానే పొడి సంతకం పెట్టాము.

ఖబరస్తాన్ వచ్చింది, బాట రాలేదు. జనాజాను తీసుకువెళ్ళాలంటే ఒక రైతు పొలం గట్టు మీదుగా వెళ్ళాలి. ఆయన మంచివాడు. ఏనాడూ కాదనలేదు. అయినా ప్రతిసారీ ఆయనను అడగవలసి వచ్చేది. ఒకసారి ఆయన సంతకు వెళ్ళి ఉండగా, తిరిగి వచ్చేవరకు జనాజాను గట్టు పక్కన దించి జనం ఎండలో నిలబడ్డారని తరువాత విన్నాము. సవరణ ఉత్తర్వు వెలువడడానికి ఆరేళ్ళు పట్టింది. ఈ ఆరేళ్ళలో ఎవరూ ఆ ఊరి ముస్లిముల హక్కును కాదనలేదు. చిత్తుప్రతిలో ఉన్న హక్కు జారీ అయిన ప్రతిలో లేకుండా పోయింది, అంతే. హక్కుగా నడవవలసిన చోట వాళ్ళు అనుమతితో నడిచారు.

సోదరులారా! ఇలాంటిదే ఒక దేశ రాజ్యాంగంలో జరిగింది. అక్కడ కూడా జారిపోయింది ఒక్క మాటే. సరిదిద్దడానికి ఇరవై అయిదేళ్ళు పట్టింది. తేడా ఏమిటంటే, మాది అలసత్వం; అక్కడిది అలసత్వమో, ఉద్దేశమో చదివేవారు నిర్ణయించుకోవాలి.

ఆ దేశం పాకిస్తాన్. ఆ పేరు ఈ దేశంలో ఒక ముస్లిం నోట వినబడితే కొందరి కనుబొమలు ముడిపడతాయని మనందరికీ తెలుసు. ఆ భయంతో మన పెద్దలు ఆ ప్రస్తావనే తీసుకురారు. మన దేశం ఇదే. మన తాతముత్తాతలు ఎంచుకున్న మట్టి ఇదే. అయితే ఇస్లామీ ఆదర్శాలనూ ప్రజాస్వామ్యాన్నీ ఒకే తీర్మానంలో కలిపి, శాసనకర్తలు సభలో పదం పదం చర్చించి, ఓటు వేసి ఆమోదించిన తొలి నాటి ఉదాహరణల్లో అది ముఖ్యమైనది. దానిని చదవకుండా ఈ అంశంపై మాట్లాడడం న్యాయం కాదు. పైగా అక్కడి అల్పసంఖ్యాకులు ఆనాడు వేసిన ప్రశ్నలు, ఈనాడు ఇక్కడ అల్పసంఖ్యాకులుగా ఉన్న మనకు అర్థమైనంతగా మరెవరికీ అర్థం కావు.

1949 నాటి తీర్మానం

1949 మార్చి 7న కరాచీలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ ముందు ప్రధానమంత్రి లియాఖత్ అలీ ఖాన్ ఒక తీర్మానాన్ని ప్రవేశపెట్టారు. దానిని లక్ష్యాల తీర్మానం అంటారు. మన రాజ్యాంగ సభలో 1946 డిసెంబరులో నెహ్రూ ప్రవేశపెట్టిన తీర్మానానికీ అదే పేరు. రెండూ రాబోయే రాజ్యాంగానికి దారి చూపడానికి ఉద్దేశించినవే.

కరాచీ తీర్మానంలోని సూత్రాలను క్లుప్తంగా చెప్పుకుందాం. సమస్త విశ్వంపై సార్వభౌమత్వం అల్లాహ్‌ది మాత్రమే. ఆయన ప్రజల ద్వారా రాజ్యానికి అప్పగించిన అధికారం ఒక పవిత్రమైన అమానత్. ఆయన విధించిన హద్దులలోనే దానిని వినియోగించాలి. రాజ్యం తన అధికారాన్ని ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధుల ద్వారా నిర్వహించాలి. ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ, సమానత్వం, సహనం, సామాజిక న్యాయం అనే సూత్రాలను ఇస్లాం బోధించిన రీతిలో సంపూర్ణంగా పాటించాలి. ముస్లిములు తమ జీవితాలను ఖుర్ఆన్, సున్నత్ ప్రకారం తీర్చిదిద్దుకోవడానికి వీలు కల్పించాలి. అల్పసంఖ్యాకులు తమ మతాలను స్వేచ్ఛగా అవలంబించడానికి, ఆచరించడానికి, తమ సంస్కృతులను పెంపొందించుకోవడానికి తగిన ఏర్పాటు ఉండాలి. ప్రాథమిక హక్కులకు హామీ ఉండాలి. వెనుకబడిన, అణగారిన వర్గాల న్యాయమైన ప్రయోజనాలకు రక్షణ ఉండాలి. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండాలి.

ఇందులో మనసుకు హత్తుకునే భావం ఒకటి ఉంది. అధికారం పాలకుడి సొత్తు కాదు, అమానత్ అన్నదే అది. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలనీ, ప్రజల మధ్య తీర్పు చెప్పేటప్పుడు న్యాయంగా చెప్పాలనీ సూరా నిసా 58వ ఆయతు ఆదేశిస్తుంది. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని సూరా షూరా 38వ ఆయతు వర్ణిస్తుంది. రాజు తలచిందే చట్టమన్న కాలంలో, రాజు మీద కూడా ఒక చట్టం ఉందని చెప్పిన ధర్మం ఇది. సార్వభౌమత్వం అల్లాహ్‌దన్న మాటకు సరైన అర్థం ఇదే: ఏ మనిషీ, ఏ పదవీ, ఏ మెజారిటీ హద్దులేని అధికారం చెలాయించరాదు. లియాఖత్ అలీ ఖాన్ కూడా ఈ తీర్మానం మతాచార్యుల పాలనకు దారి తీయదని సభకు వివరించారు. ఇస్లాంలో పురోహిత వర్గం లేదని గుర్తుచేశారు.

ఇంతవరకు వింటే ఏ విశ్వాసికైనా సంతోషం కలుగుతుంది. అయితే ఆ సభలో వేరే గొంతులు కూడా వినిపించాయి.

పదిమంది వేసిన ప్రశ్న

ఆ రాజ్యాంగ సభలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన హిందూ సభ్యులు ఉన్నారు. విభజన తరువాత కూడా తమ గడ్డను వదలకుండా అక్కడే నిలిచినవారు వాళ్ళు. ఈ మాట వింటుంటే మనకు మన పెద్దలు గుర్తుకురావడం లేదా? పక్క దేశానికి వెళ్ళిపోయే దారి ఉండి కూడా, పుట్టిన ఊరిని నమ్ముకుని ఇక్కడే ఉండిపోయిన మన తాతల వంటివారే అక్కడి వాళ్ళూ.

ప్రేమ్ హరి బర్మా తీర్మానాన్ని ముందుగా ప్రజాభిప్రాయానికి పంపాలని కోరారు. శ్రీశ్ చంద్ర చటోపాధ్యాయ ప్రతిపక్ష నాయకుడిగా సుదీర్ఘంగా ప్రసంగించారు. ఈ తీర్మానం దేశ ప్రజలను మెజారిటీ, మైనారిటీ అని శాశ్వతంగా విడదీస్తుందన్నది ఆయన ఆవేదన. ముస్లిమేతరుడు దేశాధినేత కాలేడని కొందరు ఉలమా తనతో అన్నారని ఆయన సభకు చెప్పారు. రాజ్యాంగబద్ధ ప్రభుత్వంలో ముస్లిమేతరుడు పరిపాలనాధిపతి కావచ్చునని లియాఖత్ అలీ ఖాన్ ఆయనకు సమాధానమిచ్చారు. ఆ సమాధానాన్ని మనసులో ఉంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాము.

భూపేంద్ర కుమార్ దత్తా మరింత లోతైన హెచ్చరిక చేశారు. రాజకీయం తర్కానికి చెందినది, మతం విశ్వాసానికి చెందినది. రెండింటినీ కలిపితే మతాన్ని విమర్శకు గురిచేసినట్లవుతుందన్నారు. 1929లో కాబూలు సింహాసనాన్ని చేజిక్కించుకున్న బచ్చా-ఎ-సఖావ్ వంటి సాహసికుడెవరైనా రేపు పుట్టుకొచ్చి, దైవదత్తమైన అధికారం ప్రజల ద్వారా, రాజ్యం ద్వారా చివరికి తనకే సంక్రమించిందని ఈ తీర్మానాన్నే చూపి చెప్పుకోగలడని హెచ్చరించారు. ముస్లిం సభ్యులలో మియాన్ ఇఫ్తిఖారుద్దీన్ కూడా తీర్మానాన్ని విమర్శించారు.

ముస్లిమేతర సభ్యులు ప్రతిపాదించిన సవరణలు ఓటుకు వచ్చాయి. వాటి పక్షాన 10 మంది, వ్యతిరేకంగా 21 మంది ఓటు వేశారు. ఆ పదిమందీ ముస్లిమేతరులే. 1949 మార్చి 12న తీర్మానం ఆమోదం పొందింది. ఆ దేశపు తొలి న్యాయశాఖ మంత్రి, దళిత నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ 1950లో పదవికి రాజీనామా చేసి భారతదేశానికి వచ్చేశారు.

ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. ఆ ఓటింగు ప్రజాస్వామ్య నియమాలకు విరుద్ధం కాదు. మెజారిటీ గెలిచింది. కానీ రాజ్యాంగమంటే ఒక పక్షం గెలిచే పందెం కాదు. ఒకే మతం వారంతా ఒక వైపు, తక్కిన మతాల వారంతా మరొక వైపు నిలబడి ఓటు వేసినప్పుడు, ఓడిపోయిన వారి ప్రశ్న ఓటుతో ముగిసిపోదు. షూరా అంటే చేతులు లెక్కపెట్టడం మాత్రమే అయితే, సంప్రదింపు అన్న మాటకు అర్థం ఏముంటుంది? ఈ దేశంలో ఎన్నోసార్లు అంకెల ముందు ఓడిపోయిన మనకు ఈ సంగతి ఒకరు బోధించనక్కరలేదు.

మాట ఎలా జారింది?

లియాఖత్ అలీ ఖాన్ 1951లో హత్యకు గురయ్యారు. 1956లో అమలులోకి వచ్చిన తొలి రాజ్యాంగం దేశాధ్యక్షుడు ముస్లిం అయి ఉండాలని నిర్దేశించింది. 1973 నాటి రాజ్యాంగం అధ్యక్షుడితో పాటు ప్రధానమంత్రి కూడా ముస్లిమే కావాలన్నది. చటోపాధ్యాయకు సభలో దొరికిన సమాధానం కాగితం మీద నిలవలేదు. నోటి హామీకీ రాతపూర్వక హామీకీ ఉన్న దూరం గుమాస్తాలకు బాగా తెలుసు.

అయినా లక్ష్యాల తీర్మానం 1973 రాజ్యాంగానికి పీఠికగా కొనసాగింది. అల్పసంఖ్యాకులు తమ మతాలను స్వేచ్ఛగా ఆచరించవచ్చునన్న మాట ఆ పీఠికలో ఉంది.

1977 జూలై 5న జనరల్ జియా ఉల్ హఖ్ సైనిక తిరుగుబాటుతో అధికారం చేపట్టారు. 1984 డిసెంబరు 19న ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. చట్టాలను ఇస్లాంకు అనుగుణంగా మార్చే కార్యక్రమాన్ని మీరు సమర్థిస్తారా అన్నది అందులోని ప్రశ్న. ఔనని వచ్చిన జవాబును మరో అయిదేళ్ళ అధ్యక్ష పదవికి ప్రజల సమ్మతిగా లెక్కించుకున్నారు. ఇస్లాం కావాలా అని అడిగితే ఏ ముస్లిం కాదంటాడు? భూపేంద్ర కుమార్ దత్తా 1949లో ఊహించిన సాహసికుడు ముప్పై అయిదేళ్ళ తరువాత సైనిక దుస్తుల్లో కనిపించాడు. అల్లాహ్ పేరును పాలకుడికి హద్దుగా నిలపవలసిన సూత్రాన్ని, పాలకుడు తన కుర్చీకి కాలుగా అమర్చుకున్నాడు. అంతకన్నా పెద్ద ఖియానత్ ఏముంటుంది?

1985 మార్చిలో రాజ్యాంగాన్ని పునరుద్ధరిస్తూ ఆయన జారీ చేసిన 14వ నంబరు ఉత్తర్వులో 2-ఏ అనే కొత్త అధికరణం చేరింది. అంతవరకు పీఠికగా మాత్రమే ఉన్న లక్ష్యాల తీర్మానం దానితో రాజ్యాంగంలో అమలు కావలసిన భాగమైంది. తీర్మానం పూర్తి పాఠాన్ని అనుబంధంగా జతపరిచారు. చూడటానికి ఇది తీర్మానానికి దక్కిన గౌరవమే. కానీ ఆ అనుబంధాన్ని అసలు ప్రతితో పక్కపక్కన పెట్టి చదివితే ఒక మాట కనిపించదు. అల్పసంఖ్యాకుల వాక్యంలో, వారు తమ మతాలను 'స్వేచ్ఛగా' ఆచరించడానికి అన్నచోట ఆ 'స్వేచ్ఛగా' లేదు. ఇంగ్లీషు మూలంలో అది 'ఫ్రీలీ' అన్న చిన్న మాట. తక్కిన వాక్యం ఎక్కడిదక్కడే ఉంది.

ఇంకా విచిత్రం ఏమిటంటే, అదే రాజ్యాంగ గ్రంథం మొదటి పుటలోని పీఠికలో ఆ మాట పదిలంగా ఉంది. చివర చేర్చిన అనుబంధంలో లేదు. ఒకే గ్రంథంలో ఒకే వాగ్దానానికి రెండు పాఠాలు: అలంకారంగా ఉన్న పాఠంలో స్వేచ్ఛ ఉంది, అమలు కావలసిన పాఠంలో లేదు.

ఒక్క మాట పోతే ఏమైందని అడగవచ్చు. మతాన్ని ఆచరించే హక్కు మిగిలే ఉంది కదా అనవచ్చు. మేము మొదట చెప్పిన ఖబరస్తాన్‌ను గుర్తుచేసుకోండి. స్థలం మిగిలే ఉంది. పోయింది బాట మాత్రమే. అదే 1985లో అక్కడి ఎన్నికలు మతాల వారీగా వేర్వేరు ఓటర్లతో జరిగాయి. హిందువు హిందూ అభ్యర్థికి, క్రైస్తవుడు క్రైస్తవ అభ్యర్థికి మాత్రమే ఓటు వేయాలి. తన ఊరి సాధారణ స్థానం నుంచి ఎవరు గెలవాలో చెప్పే అధికారం అతనికి లేదు. ఓటు అడగనక్కరలేని పౌరుడి వీధికి ఏ నాయకుడు వస్తాడు? ఈ పద్ధతి 2002 వరకు సాగింది.

లేఖకుడి ధర్మం

దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు ఏదో మీకు తెలుసు. సూరా బఖరా 282వ ఆయతు. అది అప్పు పత్రం రాసుకునే విధానం గురించి అవతరించింది. పత్రం రాసే లేఖకుడు న్యాయంగా రాయాలని, రాయించేవాడు దైవభీతి కలిగి అందులో ఏమాత్రం తగ్గించరాదని అది ఆజ్ఞాపిస్తుంది. చిన్నదైనా పెద్దదైనా రాసుకోవడానికి బద్ధకించవద్దంటుంది. గుమాస్తాగా పనిచేసినన్నాళ్ళూ ఆ ఆయతు మమ్మల్ని ఉద్దేశించినదేనని అనుకునేవాళ్ళం. ఆ ఖబరస్తాన్ ఉత్తర్వు తరువాత దానిని చదివినప్పుడల్లా తల వంచుకున్నాము. ఒక అప్పు పత్రంలోనే ఏమీ తగ్గించరాదన్నప్పుడు, కోట్లాది ప్రజలకు రాసిచ్చిన వాగ్దాన పత్రంలో ఒక మాట తగ్గించడాన్ని ఇస్లాం పేరుతో ఎలా సమర్థించగలం?

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియాలో జరిగిన ఒడంబడికను కూడా గుర్తుచేసుకుందాం. హజ్రత్ అలీ (రజి) రాస్తున్నారు. అల్లాహ్ సందేశహరుడైన ముహమ్మద్ అని రాయగానే, ఖురైష్ ప్రతినిధి సుహైల్ అభ్యంతరం చెప్పాడు. ఆ మాటను చెరపడానికి అలీ (రజి)కి చేతులు రాలేదు. అప్పుడు దైవప్రవక్త (స) స్వయంగా దానిని చెరిపివేశారు. చూడండి, అక్కడ కూడా ఒప్పందం నుంచి ఒక మాట తొలగింది. కానీ అది అందరి కళ్ళ ముందు తొలగింది. శాంతి కోసం తొలగింది. తొలగింది తమ బిరుదు, ఎదుటివారి హక్కు కాదు. బలవంతుడు తన మాటను తగ్గించుకుంటే అది ఔదార్యం. బలహీనుడి మాటను తగ్గిస్తే అది అపహరణ. ఈ రెండింటి మధ్య తేడాయే ఇస్లామీ రాజనీతికి గీటురాయి.

మదీనా ఒప్పందం కూడా ఇదే చెబుతుంది. అక్కడి యూదులను విశ్వాసులతో పాటు ఒకే సమాజంగా పేర్కొంటూ, వారి ధర్మం వారిదని, ముస్లిముల ధర్మం ముస్లిములదని దైవప్రవక్త (స) రాయించారు. ఆ హామీ ఒకరి దయ మీద ఆధారపడేది కాదు, పత్రంలో రాసి ఉన్నది. ధర్మం విషయంలో బలవంతానికి తావు లేదని సూరా బఖరా 256వ ఆయతు బోధిస్తుంది. కాబట్టి 'స్వేచ్ఛగా' అన్న మాట పరాయి దేశాల నుంచి తెచ్చుకున్న అలంకారం కాదు. 1949 నాటి తీర్మానంలో అత్యంత ఇస్లామీయమైన మాటలలో అది ఒకటి. ఇస్లాం పేరుతో పాలించినవారి ఉత్తర్వులోనే అది మాయమైంది.

మాట తిరిగి వచ్చింది, తరువాత?

2010 ఏప్రిల్‌లో ఆ దేశ పార్లమెంటు 18వ రాజ్యాంగ సవరణ చేసింది. సైనిక పాలకులు చేసిన అనేక మార్పులను తొలగించింది. అనుబంధంలో 'స్వేచ్ఛగా' అన్న మాటను మళ్ళీ చేర్చింది. ఎన్నికైన ముస్లిం ప్రతినిధులే ఆ పని చేశారు. న్యాయాన్ని న్యాయమని ఒప్పుకోవాలి. తప్పు చేసింది ఒక నియంత. దిద్దింది ప్రజల సభ. ఇస్లాంకూ ప్రజాస్వామ్యానికీ పొంతన లేదనేవారికి ఇది ఒక సమాధానం. అక్కడ రెండూ కలిసి ఓడిపోయాయి, రెండూ కలిసి కొంత లేచి నిలిచాయి.

కానీ మాట తిరిగి వచ్చినంత మాత్రాన మనుషులకు రక్షణ వచ్చిందా? 2011 మార్చి 2న ఆ దేశ అల్పసంఖ్యాక వ్యవహారాల మంత్రి, క్రైస్తవుడైన షాబాజ్ భట్టీని ఇస్లామాబాదులో కాల్చి చంపారు. 2013 సెప్టెంబరు 22న పెషావర్‌లోని చర్చిపై దాడి జరిగింది. ఆదివారం ప్రార్థన ముగించుకున్న పదుల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత 2014 జూన్ 19న అక్కడి సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి తసద్దుఖ్ హుసేన్ జిలానీ నాయకత్వంలో ఒక చారిత్రక తీర్పు ఇచ్చింది. అల్పసంఖ్యాకుల హక్కుల కోసం జాతీయ మండలి ఏర్పాటు చేయాలని, వారి ప్రార్థనా స్థలాల రక్షణకు ప్రత్యేక పోలీసు దళం ఉండాలని, సహనాన్ని బోధించే పాఠ్యాంశాలు ఉండాలని ఆదేశించింది. రాజ్యాంగంలో మాట ఉంటేనే న్యాయమూర్తి దానిని పట్టుకోగలడు. ఆ మాటకు అండగా నిలిచే సమాజం లేకపోతే తీర్పు కూడా కాగితంగానే మిగిలిపోతుంది. మాటా కావాలి, మాటకు కాపలా ఉండే మనుషులూ కావాలి.

ఇక మన రాజ్యాంగం

అదే 1949లో, అక్టోబరు 17న, ఢిల్లీలో మన రాజ్యాంగ సభ పీఠికను చర్చించింది. హెచ్.వి. కామత్ పీఠికను దేవుడి పేరుతో ప్రారంభించాలని సవరణ ప్రతిపాదించారు. ఓటింగులో 41 మంది అనుకూలంగా, 68 మంది వ్యతిరేకంగా నిలిచారు. అలా మన పీఠిక ప్రజల పేరుతోనే ప్రారంభమైంది. దేవుడిని నమ్మనివారు కావడం వల్ల ఆ 68 మంది అలా ఓటు వేయలేదు. విశ్వాసం వ్యక్తి అంతరాత్మకు సంబంధించినదని, దానిని ఓటుతో ఎవరిపైనా రుద్దరాదని వారిలో పలువురి భావన. దారులు వేరైనా, మన రాజ్యాంగం 25వ అధికరణంలో కూడా ఆ 'స్వేచ్ఛగా' అన్న మాటే ఉంది. మతాన్ని స్వేచ్ఛగా అవలంబించడం, ఆచరించడం, ప్రచారం చేయడం అని అందులో ఉంది. ప్రచారం అన్న మాటపై 1948 డిసెంబరు 6న సభలో తీవ్రమైన చర్చ జరిగింది. తొలగించాలని కొందరు పట్టుబట్టారు. క్రైస్తవులు కాని సభ్యులు కూడా లేచి దాని పక్షాన మాట్లాడారు. మాట నిలిచింది.

సోదర సోదరీమణులారా! ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు మాకు తోచిన విషయం ఒక్కటే. రాజ్యాంగం అల్లాహ్ పేరుతో ప్రారంభమైనా, ప్రజల పేరుతో ప్రారంభమైనా, దాని నిజాయితీకి పరీక్ష ఒకటే: అధికారంలో వాటా లేని పౌరుడు ఎవరినీ అడగకుండా తన ఆరాధనా స్థలానికి నడిచి వెళ్ళగలుగుతున్నాడా? కరాచీలో ఆ పౌరుడు హిందువు, క్రైస్తవుడు. ఇక్కడ ఆ పౌరుడు మనం. అక్కడ ఆ మాట జారిపోతే పట్టించుకోనివారికి, ఇక్కడ అదే మాట కోసం పోరాడే నైతిక అర్హత ఉండదు. అక్కడ ఒక గుడి కూలితే, ఒక చర్చి కాలితే, మన గొంతు అందరికంటే ముందు లేవాలి. ఎవరో మెచ్చుకుంటారని కాదు. అన్యాయం తన వారి చేతుల మీదుగా జరిగినా సాక్ష్యం చెప్పమని మన గ్రంథం ఆదేశించింది గనుక.

ఇక మనం చేయవలసిన పని ఏమిటి? పెద్ద పెద్ద ఉపన్యాసాలు అక్కరలేదు. గుమాస్తా పని చేస్తే చాలు. ప్రతి మొహల్లాలో పదిమంది కూర్చుని రాజ్యాంగం మూడో భాగాన్ని ఒకరు చదువుతుంటే మరొకరు వింటూ చదవండి. మీ మసీదు, ఖబరస్తాన్, వక్ఫ్ భూముల కాగితాల నకళ్ళు తెచ్చుకుని అసలు దస్తావేజులతో సరిచూడండి. హద్దులు ఉన్నాయా, బాట ఉందా చూడండి. ఓటరు జాబితా వెలువడిన ప్రతిసారీ ఇంటిల్లిపాది పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకోండి. కొత్త చట్టం వస్తే, పాత చట్టంలోని ఏ మాట పోయింది, ఏ మాట చేరింది అని పక్కపక్కన పెట్టి చదవగల యువకులను తయారుచేయండి. అక్కడ ఆ ఒక్క మాట జారిన రోజున పార్లమెంటులో గానీ, పత్రికల్లో గానీ, మసీదుల్లో గానీ ఆ రెండు పుటలను పక్కపక్కన పెట్టి నిలదీసే గొంతులు బలంగా ఉండి ఉంటే, దిద్దుబాటుకు ఇరవై అయిదేళ్ళు పట్టేది కాదు.

మేము ఆ ఊరి ఖబరస్తాన్‌కు సవరణ ఉత్తర్వు వచ్చిన తరువాత ఒకసారి వెళ్ళాము. అప్పటికి బాటకు రెండు వైపులా రాళ్ళు పాతారు. గట్టు రైతు కూడా అక్కడే ఉన్నాడు. ఇక మీవాళ్ళు నన్ను అడగనక్కరలేదు, నాకూ నిశ్చింతగా ఉందని ఆయన అన్నాడు. హక్కు రాతలోకి రావడం ఇచ్చేవాడికి కూడా మేలేనని ఆ రోజు మాకు అర్థమైంది. అడిగేవాడి తల దించుకోనక్కరలేదు, ఇచ్చేవాడి మీద భారం ఉండదు. ఇద్దరూ సమానంగా ఎదురుపడగలుగుతారు.

రాసేటప్పుడు న్యాయంగా రాసే చేతులను, చదివేటప్పుడు జాగ్రత్తగా చదివే కళ్ళను, బలహీనుడి మాట జారిపోతే అతడు ఏ మతం వాడైనా సరే పలికే నోటిని అల్లాహ్ మనకు ప్రసాదించు గాక. ఆమీన్.